జొన్నరొట్టెకు తోడు పల్లికాయ



వేరుశనగ, అదే మన పల్లికాయ, పుట్టిల్లు దక్షిణ అమెరికా. సముద్రాలు దాటి వచ్చి, పంతొమ్మిదో శతాబ్దిలో మదరాసు రాజధానిలో పెద్ద పంటయై, ఓడలెక్కి ఫ్రాన్సుకు పోయింది. తరువాత నల్గొండ, పాలమూరు చెలకలకూ పాకింది. అమ్ముకొనే పంటగానే చూశాం దాన్ని. కాయ అంగడికి, నూనె పట్నానికి, చెక్క బర్రెకు. మరి ఇంట్లో పిల్లకో?

ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిరప కారం. ఏడాది పొడుగునా అదే తిండియైన బీదలకు ఒక జబ్బు వచ్చేది. ఎండ తగిలే మెడ, ముంజేతులు, పాదాలు నల్లబడి పొలుసులు లేచేవి. నోరు పూసేది, విరేచనాలు పట్టుకొనేవి, ముదిరితే మతి తప్పేది. దీని పేరు పెల్లాగ్రా. ఇది అంటురోగం కాదు, తిండిలోని లోపమేనని అమెరికాలో గోల్డ్‌బెర్గర్ అనే డాక్టరు 1914 మొదలు పనిచేసి చూపాడు. లోపించినది నియాసిన్ అనే విటమిను అని 1937 తరువాత తేలింది.

అక్కడ మక్కజొన్న, ఇక్కడ జొన్న. హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలోని గోపాలన్, శ్రీకంఠయ్య గార్లు 1960లో ఈ సంగతి లోకానికి చెప్పారు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే పదార్థం నియాసిన్ పనికి అడ్డు వస్తుందని వారి వాదం. దానిపై తరువాత చర్చలు జరిగినవి. అంతమాత్రాన జొన్నను తిట్టకండి! జొన్న మంచిదే, ఒంటరిదైతేనే చిక్కు.

ఆ తోడు మన చేలోనే ఉన్నది. 100 గ్రాముల పల్లీలలో సుమారు 25 గ్రాముల మాంసకృత్తులు, 12 మిల్లీగ్రాముల నియాసిన్ కలవు. గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే పెద్దమనిషికి రోజుకు కావలసిన నియాసిన్‌లో అటూ ఇటూగా ఐదో వంతు దొరుకుతుంది. ఉడికించినా సరే, వేయించి పొడి కొట్టినా సరే, బెల్లంతో ముద్ద కట్టినా సరే. అదే సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం ‘హైదరాబాదు మిక్స్’ చేసినప్పుడు గోధుమ 40, శనగపప్పు 16, బెల్లం 20 గ్రాములకు పల్లీలు 10 గ్రాములు కలిపింది. ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు చూడండి.

1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న తగ్గింది. పెల్లాగ్రా ఇప్పుడు అరుదు. వనపర్తి, నాగర్‌కర్నూలు వైపు యాసంగి పల్లి మాత్రం ఇంకా పండుతూనే ఉన్నది.

ఇంటికని ఉంచుకొనే కాయను బాగా ఎండబెట్టండి. ఊపితే గింజ గలగలమనాలి. తడి తగిలి బూజు పట్టిన గింజలో అఫ్లటాక్సిన్ అనే విషం చేరుతుంది, అది కాలేయాన్ని చెరుపుతుంది. వేయించినా పూర్తిగా పోదు. అట్టి గింజను ఏరి పారేయండి, బర్రె దాణాలోనూ కలపకండి.