తరుగు లెక్క

ఈ వార్షిక సంచికకొక చరిత్ర వ్యాసము వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. వంశగౌరవమును గూర్చిన వ్యాసములు మన సంచికలలో పెక్కు వెలువడినవి. కావున ఈమారు మన స్వర్ణకారుల నోట ప్రతిదినము వినబడు ఒక చిన్న మాటను పట్టుకొని ఈ సీమ లోహవిద్యా చరిత్రమును చెప్పదలచితిమి. ఆ మాట 'తరుగు'.

పెన్నానది గండికోట లోయ వెడలి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు చేరును. ఈ పట్టణము పసిడి వర్తకముచే 'రెండవ బొంబాయి' యని పేరొందినది. ఇచ్చటి స్వర్ణకారుని అంగడిలో చాప దులిపిన దుమ్మును, కుంపటి బూడిదను, చేతులు కడిగిన నీటిని గూడ ఊరక పారవేయరు. ఆ దుమ్మును కొని కడుగుటయే జీవనముగా గలవారిని మన పెద్దలు జలగడుగువారనిరి. దుమ్మును కాల్చి, నూరి, నీట కదల్చినచో తేలికయైన మన్ను పోయి బరువైన పసిడి అడుగున నిలుచును. ఏలయన బంగారము నీటికంటె పందొమ్మిది రెట్లు బరువు. ఇసుక మూడు రెట్లకు లోపు. కంటికి కానరాని రేణువులను పాదరసము తనలో కలుపుకొనును. పిదప ఆ ముద్దను కాచినచో పాదరసము ఆవిరియై బంగారము మిగులును.

ఈ విద్య మన దేశమున ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రము ఆకరాధ్యక్షుడను ఉద్యోగిని చెప్పి, అతడు ధాతుశాస్త్రమును రసపాకమును ఎరిగినవాడు కావలెనని విధించినది. వాగ్భటుని పేరిట వెలసిన రసరత్నసముచ్చయము పాదరసమును శుద్ధిచేయుటకు పాతనయంత్రములను వర్ణించినది. రెండు కుండల మూతులు కలిపి, సంధికి చీలమన్ను పెట్టి, క్రింద మంటయు మీద తడిగుడ్డయు నుంచినచో పాదరసము పైకుండలో చేరి మరల చేతికి వచ్చును. పూర్వులు రసమును గాలికి విడువక మూతపెట్టి పట్టుకొనిరి. బయట కుంపటిపై కాచునట్టి నేటి మనవారు ఈ ఒక్క సంగతి మరచిరి.

మరచినందుకు ఫలము చిన్నది కాదు. జపాను దేశమున మినమాటా యను తీరమందు కర్మాగారపు పాదరస మాలిన్యము సముద్రము చేరి, చేపల మూలమున జనుల నరములను చెరచినది. ఆ వ్యాధి 1956లో బయటపడినది. ఆ ఊరి పేరిటనే 2013లో పాదరస నియంత్రణమునకు అంతర్జాతీయ ఒడంబడిక యేర్పడగా, మన దేశము 2018లో దానిని ఆమోదించినది.

పాదరసమొక్కటియే కాదు. మనవారు తేజాబని పిలుచు నత్రికామ్లము వెండిని రాగిని కరిగించి బంగారమును విడుచును. ఆ నీటిలో రాగిరేకు వేసినచో వెండి దిగును. రాగి కరిగి నీరు నీలమగును. వెండి మన పెట్టెలో చేరును. నీలినీరు వీధికాలువలో చేరును. ఇక కే.డి.ఎం. అతుకు సంగతి. బంగారము కరుగుటకు 1064 డిగ్రీల వేడిమి కావలెను; కాడ్మియము 767 డిగ్రీలకే మరిగి ఆవిరియగును. అతుకు పెట్టునప్పుడు దానిలో కొంత పొగయై పోవును. వన్నె తగ్గదని వర్తకులు దానిని మెచ్చిరి. పోయిన ఆ భాగము ఎచ్చటికి పోయెనని అడిగినవారు లేరు. అది ఊదుగొట్టము పట్టినవాని ఊపిరితిత్తులలోనికి పోయినది.

మేము అమరకోశము చెప్పిన పిల్లవాడొకడు ఇరువదియైదేండ్లు ఈ పని చేసి, రెండుమెట్లు ఎక్కలేక మా ఇంటి అరుగుపై కూలబడినాడు. "అయ్యవారూ, నా జన్మలో గురిగింజయెత్తు బంగారము నేలపాలు కానీయలేదు. నా ఊపిరి తరుగు మాత్రము ఏ పుస్తకములోను వ్రాసుకొనలేదు" అనినాడు. మాకు ఉత్తరము తోచలేదు. ఈ వ్యాసమే ఆ ఉత్తరమునకు మా ప్రయత్నము. నేడు హాల్‌మార్కు నియమములు కాడ్మియమును అంగీకరింపవు. 2021 నుండి ఆ ముద్ర క్రమముగా నిర్బంధమైనది. అయినను మూలగదులలో పాత అలవాటు ఇంకను మిగిలియున్నచో దానిని మాన్పించుట మన బాధ్యత.

ధాతువులు భూమిలో ఎట్లు చేరును, ఎట్లు కదలును అని విచారించు శాస్త్రమును భూరసాయన శాస్త్రమందురు. ఆ శాస్త్రమునకు నవీనరూప మిచ్చిన పండితుడు విక్టర్ గోల్డ్‌ష్మిట్ (1888-1947). జర్మను భాషలో ఆ ఇంటిపేరునకు స్వర్ణకారుడనియే అర్థము. ఆ శాస్త్రదృష్టితో ఇప్పుడు పులివెందుల వైపు చూతము. కడప శిలావ్యవస్థను విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. అందలి వేంపల్లె శిలలలో బ్రాహ్మణపల్లె రాతినారయు, తుమ్మలపల్లె యురేనియమును కలవు.

తుమ్మలపల్లె గనికిని కర్మాగారమునకును 2007లో శంకుస్థాపన జరుగగా, 2012లో పని ప్రారంభమైనది. అచ్చటి రాతిలో యురేనియము సగటున పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళ ప్రాంతము. తక్కిన రాయి యంతయు తరుగే. దానిని నూరి, సారము తీసి, పిప్పిని కొట్టాల గ్రామమువద్ద చెరువుగా నిలుపుదురు. రేడియము మొదలగు సంతతి ధాతువులలో హెచ్చుభాగము ఆ పిప్పియందే యుండును. ఆ రాయి సున్నపుజాతిది గావున ఆమ్లము పోసినచో వృథాగా పొంగిపోవును. అందుచే సోడాక్షారముతో, వేడిమియు ఒత్తిడియు కల్పించి, యురేనియమును కరిగింతురు. ఇచ్చట గ్రహింపవలసిన మర్మ మొకటి కలదు. క్షారజలమున కరుగు గుణముచే ఏ లోహము కర్మాగారమున చేజిక్కుచున్నదో, ఆ గుణముచేతనే అది నేలలోని నీటితో కదలును. తేజాబు విషయమునను ఇంతియే. లోహమును రాబట్టు క్రియయు, నీటిని చెరచు క్రియయు వేరుకావు.

బావులును బోర్లును చెడినవని, అరటితోటలు ఎండినవని 2018, 2019 సంవత్సరములలో చుట్టుపట్ల రైతులు మొరపెట్టుకొనిరి. ఆ దోషము తమది కాదని సంస్థవారు చెప్పిరి. స్వర్ణకారుడు రంగు చూచి వన్నె తేల్చడు. ఒరగల్లుపై గీచి చూచును. నీటికిని ఒరగల్లు కలదు. ఆ సీమ రాతిలోనే యురేనియము కలదు గావున, నీటిలో అది కనబడినంత మాత్రమున ఎవరిని నిందింపరాదు. దానితోకూడ సోడియము, సల్ఫేటు పెరిగెనా? చెరువునకు ఎగువ బావికంటె దిగువ బావిలో హెచ్చెనా? ఏటేటికి మారెనా? ఈ మూడును చూచిన పిమ్మటనే తీర్పు చెప్పవలెను. త్రాగునీట యురేనియము లీటరునకు 30 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తాత్కాలిక ప్రమాణ మేర్పరచినది. పరీక్ష లేని నింద ఎంత వ్యర్థమో, పరీక్ష లేని భరోసాయు అంత వ్యర్థము.

ఈ చింత క్రొత్తది కాదు. జర్మను పండితుడు అగ్రికోలా గ్రంథము 1556లో వెలువడినది. గనుల కడుగునీరు వాగులను విషపరచి చేపలను చంపునని జనులు చేసిన ఆక్షేపణను అతడందు పేర్కొనెను.

సంఘ పోషకులకు మా విన్నపములు మూడు. మూతగల పాతనయంత్రమును, పొగగొట్టమును అమర్చిన ఉమ్మడి కార్యశాల నొకటి ప్రొద్దుటూరున నెలకొల్పవలెను. నీలినీటిని అచ్చటనే చేర్చి, ఇనుపముక్కలతో రాగిని దింపి, సున్నముతో ఆమ్లమును అణచి, మిగిలిన మడ్డిని భద్రపరుపవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో మనవారు నివసించు పేటల బావినీటిని ఏటేట పరీక్షింపించి, ఫలితములను ఈ సంచికలో ప్రకటింపవలెను.

తరుగులేని పని లోకమున లేదు. తరుగును దాచక లెక్కలో చూపుటయే మన వృత్తికి మొదటినుండియు మర్యాద. ఇకమీదట ఆ పుస్తకమున పసిడి ప్రక్కన నీటికిని ఊపిరికిని కూడ గడులు గీయుదము. మా అరుగుమీద కూర్చున్న పిల్లవానికి ఆలస్యమైనను, అతని కుమారునికైనను ఆ లెక్క అక్కరకు వచ్చుగాక.