మూర్ఛలో పరాయితనం, అవాస్తవ భావన

మూర్ఛ ఉన్నవారిలో కొందరికి ఒక్కోసారి తమకు తామే పరాయివాళ్లయినట్టు, తమ మాటనూ చేతి కదలికనూ పక్కన నిలబడి చూస్తున్నట్టు అనిపిస్తుంది. మరికొందరికి తమ సంగతి మామూలుగానే ఉంటుంది గానీ ఎదురుగా ఉన్న ఇల్లు, వీధి, చివరికి సొంత మనుషులు కూడా నిజం కాదేమోనని తోస్తుంది. మొదటిదాన్ని డీపర్సనలైజేషన్ అని, రెండోదాన్ని డీరియలైజేషన్ అని వైద్యులు అంటారు. రెండూ తరచు కలిసే వస్తాయి. మతిభ్రమణంలో లేనిది ఇక్కడ ఒకటి ఉంటుంది: అలా అనిపిస్తోందే తప్ప నిజంగా అలా లేదన్న ఎరుక. ఆ ఎరుక వల్లే, చెబితే పిచ్చి అనుకుంటారన్న భయంతో చాలామంది నోరు విప్పరు. ఇది ఫిట్సులో భాగమా, ఆందోళన వల్ల వచ్చిందా, మందు చేసిన పనా అన్నది రోగి ఇచ్చే వర్ణనను బట్టి తేలదు. అది ఎలా మొదలై, ఎంతసేపు ఉండి, ఎలా పోతుందన్నదాన్ని బట్టి చాలావరకు తేలుతుంది.

ఈ స్థితిని శ్రద్ధగా పరిశీలించిన తొలి వైద్యుల్లో లండన్‌కు చెందిన జాన్ హ్యూలింగ్స్ జాక్సన్ ముఖ్యుడు. దీన్ని ఆయన కలలాంటి స్థితి అన్నాడు. 1888లో ఆయన ప్రచురించిన వ్యాసంలో 'జెడ్' అనే గుర్తుతో కనిపించే రోగి స్వయంగా డాక్టరు, ఆర్థర్ థామస్ మయర్స్. మయర్స్ ఒకసారి ఒక రోగిని పరీక్షిస్తుండగా ఆ స్థితి వచ్చింది. తేరుకున్నాక చూసుకుంటే రోగికి న్యుమోనియా అని తన చేతిరాతతోనే రాసి ఉంది. రాసిన జ్ఞాపకం మాత్రం లేదు. మళ్లీ పరీక్షిస్తే ఆ నిర్ధారణ సరైనదేనని తేలింది. మనిషి కింద పడలేదు, నురగ కక్కలేదు, పని కూడా తప్పుగా చేయలేదు; అయినా అది మూర్ఛే. 1894లో మయర్స్ మరణించాక జరిపిన మెదడు పరీక్షలో ఎడమ టెంపొరల్ లోబ్ లోపలి అంచున మెత్తబడిన చిన్న మచ్చ కనిపించిందని 1898లో జాక్సన్, ఆయనతో కలిసి రాసిన కోల్మన్ ప్రకటించారు.

ఆ ఒక్క మెదడును చూసి ఈ అనుభూతి పుట్టే చోటు టెంపొరల్ లోబేనని అనుకోవడం తొందరపాటు. 2002లో జెనీవాలో ఓలాఫ్ బ్లాంకే బృందం మూర్ఛ శస్త్రచికిత్సకు ముందు ఒక రోగి మెదడులో కుడి యాంగ్యులర్ జైరస్ అనే భాగానికి స్వల్ప విద్యుత్తు ఇచ్చినప్పుడు, ఆమెకు తన శరీరాన్ని పైనుంచి చూస్తున్నట్టు అనిపించింది. 2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మెదడు వెనుక మధ్య భాగంలో, సెకనుకు సుమారు మూడుసార్లు కొట్టుకునే లయకు ఒక మూర్ఛ రోగిలోని వేర్పాటు భావనతో సంబంధం చూపారు. అక్కడ విద్యుత్తు ఇస్తే అదే భావన తిరిగి వచ్చింది. ఇలా వేర్వేరు చోట్ల పుట్టగలదు గనుక, లక్షణం ఒక్కదాన్ని పట్టుకుని మెదడులో ఫలానా చోటని వేలు పెట్టి చూపలేం.

ఇక కాలం సంగతి. ఫిట్సుగా వచ్చే పరాయితనం హఠాత్తుగా మొదలవుతుంది, కొన్ని సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది, ప్రతిసారీ దాదాపు ఒకే అచ్చులో వస్తుంది. కడుపులోంచి ఏదో పైకి లేచినట్టుండటం, లేని వాసన తగలడం, పెదాలు చప్పరించడం, తర్వాత కాసేపు తికమక, ఇవి తోడైతే అనుమానం బలపడుతుంది. అంతర్జాతీయ మూర్ఛ వ్యతిరేక లీగ్ 2017 వర్గీకరణ ప్రకారం, ఎరుక నిలిచి ఉన్నంతవరకు ఇవి ఎరుకతో కూడిన ఫోకల్ మూర్ఛలు. భయాందోళన దాడిలో గుండెదడ, ఆయాసం ముందుండి, అది మరికాస్త ఎక్కువసేపు సాగుతుంది. గంటలు, రోజులు వీడని పరాయితనమైతే కుంగుబాటు, నిద్రలేమి, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఈ మూడింటినీ ముందు చూడాలి. ఫిట్సు మందుల్లో కొన్ని, ముఖ్యంగా లెవెటిరాసిటామ్, కొందరి మనోస్థితిని మారుస్తాయి.

ఈఈజీ తీస్తే తేలిపోదా అని ఎవరైనా అడగవచ్చు. లోపలి పొరల్లో చిన్న మేర నడిచే మూర్ఛ తలపై అతికించిన తీగలకు తరచు అందదు. ఈఈజీ మామూలుగా ఉందని రోగి మాటను కొట్టిపారేయడం శాస్త్రం అనిపించుకోదు. రెండో అభ్యంతరానికి బలం ఉంది: 'నువ్వు నువ్వు కానట్టు ఉంటుందా' అని అడిగితే చాలామంది తలూపుతారు. అందుకే అనుభూతిని డాక్టరు ముందుగా నోటికి అందించకుండా, ఆ నిమిషంలో ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమనాలి, పక్కనున్నవారిని విడిగా అడగాలి. ఫిట్సుగా వచ్చే పరాయితనం, ఫిట్సు కానిది రెండూ మెదడులోనే పుడుతున్నప్పుడు ఒకే మందు సరిపోదా అన్నది మరో వాదన. మూర్ఛ లేని డీపర్సనలైజేషన్ రోగులపై ఫిట్సు మందైన లామోట్రిజిన్‌ను ప్లాసిబోతో (ఉత్తుత్తి మందుతో) పోల్చిన చిన్న అధ్యయనం 2003లో వెలువడింది. ఆ మందు వల్ల మేలు కనిపించలేదు. కాబట్టి వేరు చేసి చూడటం వ్యర్థం కాదు, చికిత్స దానిమీదే ఆధారపడుతుంది.

హైదరాబాద్ ఉత్తర అంచున ఉన్న మేడ్చల్, శామీర్‌పేటల్లో ఈ విషయానికి బరువు ఎక్కువ. ఒకవైపు పారిశ్రామికవాడ యంత్రాలు, తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు. మరోవైపు మూర్ఛ అంటే చేతిలో తాళంచెవులు పెట్టడం, గాలి సోకిందనడం. కిందపడి కొట్టుకుంటేనే ఫిట్సు అన్న నమ్మకం ఉన్నచోట, పడిపోని మూర్ఛకు పేరే ఉండదు. పరప్రాంత కార్మికుడికైతే తన అనుభూతిని తెలుగులోనో హిందీలోనో చెప్పడం ఇంకా కష్టం. ఘనపూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నగరంలో నిమ్స్ ఉంది. మందులకు లొంగని మూర్ఛకు శస్త్రచికిత్స చేసే కేంద్రం సికింద్రాబాద్ కిమ్స్‌లో ఉంది. అక్కడిదాకా ఎవరిని పంపాలో తేల్చాల్సింది మాత్రం ఊళ్లో మొదట చూసే డాక్టరే, అందుకు ఆయనకు కావలసింది పై ప్రశ్నలు అడిగే ఓపిక. హిందూ వివాహ చట్టం నుంచి మూర్ఛ ప్రస్తావనను 1999 సవరణ తొలగించినా, సంబంధాలు చూసేటప్పుడు దాన్ని దాచే అలవాటు పోలేదు. డ్రైవింగ్ లైసెన్సుకు నింపే ఒకటో నంబరు ఫారం మూర్ఛ గురించీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గురించీ అడుగుతుంది. తనకున్నది మూర్ఛేనని ఎవరూ చెప్పని మనిషి అక్కడ నిజాయితీగానే 'లేదు' అని రాస్తాడు. 44వ నంబరు జాతీయ రహదారిపై గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తుండగా ఆ పరాయితనం ముదిరి 30 సెకన్లు ఎరుక తప్పితే, బండి ఆలోగా అర కిలోమీటరు దాటేస్తుంది.