సీమకు వెళ్ళిన మర్దన విద్య

మోకాలు నొచ్చినపుడును, నడుము పట్టినపుడును మన ఇండ్లలో మొదట జరుగు వైద్యమునకు మందుచీటీ అక్కరలేదు. ఉప్పును మూకుడులో వేయించి గుడ్డలో మూటగట్టి కాపడము పెట్టుదురు. నువ్వులనూనె వెచ్చజేసి రుద్దుదురు. బాలెంతరాలికి వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయుదురు. పొలమునుండి వచ్చిన తాత కాళ్ళను మనుమలు పిసుకుదురు. ఈ పనులలో కోత లేదు, సూదిపోటు లేదు, మ్రింగవలసిన మాత్ర లేదు. ఇవి ఎప్పటినుండి ఉన్నవి? ఇవి నిజముగా గుణమిచ్చునా, లేక ఇచ్చినట్లు తోచునా? మొదటి ప్రశ్న చరిత్రకు చెందినది. రెండవ ప్రశ్నకును ఒక చరిత్ర కలదు. ఈ రెండు చరిత్రలును ఒకే కుటుంబమున కలిసికొనుట మిక్కిలి విశేషము. పాట్నానుండి ఇంగ్లండుకు వెళ్ళిన తాతది మొదటి కథ; లండనులో వైద్యుడైన మనుమనిది రెండవ కథ. నేటి ప్రసంగమున ఆ తాతామనుమలను గూర్చి ముచ్చటించుకొందము.

మర్దనమును, కాపడమును ఏ ఒక్క దేశపు సొత్తును కావు. గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరిట నిలిచిన గ్రంథములలో, బిగిసిన కీలును సడలించుటకును, సడలిన కీలును బిగించుటకును రుద్దుట ఉపకరించునని ఉన్నది. మన చరకసంహిత సూత్రస్థానములో పదునాలుగవ అధ్యాయమునకు స్వేదాధ్యాయమని పేరు. అగ్ని సాయముతో చెమట పట్టించు 13 పద్ధతులు అందు వర్ణింపబడినవి. వేడి పదార్థమును మూటగట్టి కాచుట, గొట్టము గుండ ఆవిరి పట్టించుట, కాచిన రాతిపలకపై పరుండబెట్టుట మున్నగునవి వానిలోనివి. బండి ఇరుసునకు చమురు ఎట్టిదో దేహమునకు అభ్యంగన మట్టిదని ఆ గ్రంథమే మరియొకచోట పోలిక చెప్పినది. మన వంటయింటి ఉప్పుమూట ఆ మొదటి పద్ధతికి దగ్గరి చుట్టమే.

ఈ విద్యను సముద్రము దాటించినవాడు దీన్ మహమ్మద్. ఆతడు 1759లో పాట్నాలో జన్మించెను. తండ్రి ఈస్టిండియా కంపెనీవారి బెంగాలు సైన్యమున కొలువు చేసినవాడు. చిన్నతనముననే తండ్రిని కోల్పోయిన దీన్ మహమ్మద్, బేకర్ అను ఐరిష్ సైనికాధికారి నాశ్రయించి దండుతోపాటు ఊరూర తిరిగెను. 1784లో ఆ అధికారితోనే ఐర్లండు చేరి, కార్క్ పట్టణమున కాపురముండి, జేన్ అను ఐరిష్ యువతిని వివాహమాడెను. 1794లో తన ప్రయాణములను లేఖల రూపమున వ్రాసి ప్రకటించెను. భారతీయుడొకడు ఇంగ్లీషున రచించి ప్రకటించిన మొదటి గ్రంథముగా దానికి ప్రసిద్ధి కలదు.

తరువాత ఆతడు లండను చేరెను. మద్రాసులో కంపెనీ కొలువు చేసి ధనవంతుడై మరలివచ్చిన బాసిల్ కాక్రేన్ అచట నొక ఆవిరి స్నానశాలను పెట్టియుండెను. దీన్ మహమ్మద్ అందు పనిచేసెను. 1810లో స్వంతముగా భారతీయ భోజనశాల నొకదానిని తెరచెను. వంటకములు మంచివే గాని వ్యాపారము నిలువలేదు. రెండేండ్లలో దివాలా తీయవలసివచ్చెను. అప్పటికాతనికి ఏబదిమూడేండ్లు. భార్యాబిడ్డలతో సముద్రతీరమునందలి బ్రైటన్ పట్టణమునకు చేరి, స్నానశాలలో మర్దనము చేయు వృత్తితో మరల బ్రతుకు మొదలు పెట్టెను.

ఆతని పద్ధతి ఇట్లుండెడిది. రోగిని ఫ్లానెల్ గుడ్డతో కుట్టిన చిన్న గుడారములో కూర్చుండబెట్టుదురు. మూలికలు వేసి కాచిన నీటి ఆవిరి దానిని నింపును. గుడారమునకు చొక్కాచేతులవంటి సంచులు కుట్టియుండును. చెమట బాగుగా పట్టిన పిమ్మట మర్దనము చేయువాడు వెలుపల నిలిచి, ఆ సంచులలో చేతులు దూర్చి రోగి అవయవములను ఒత్తి పిసుకును. హిందీలో ‘చాంపో’ అనగా ఒత్తుము, పిసుకుము అని అర్థము. ఆ మాటయే ఇంగ్లీషువారి నోట ‘షాంపూ’ అయ్యెను. నేడు తలరుద్దుకొను ద్రవమునకు చెల్లుచున్న ఆ పేరు ఆనాడు ఒళ్ళు పట్టుటకే చెల్లెను.

మొదట బ్రైటన్‌వారు ఈ క్రొత్త వైద్యమును నమ్మలేదు. దీన్ మహమ్మద్ కొందరికి ఉచితముగా చికిత్స చేసెను. బాగుపడినవారి ఉత్తరములు చేర్చి 1820లో ఒక పుస్తకమును, 1822లో మరింత పెద్ద పుస్తకమును అచ్చొత్తించెను. కీళ్ళవాతము, గౌట్, పట్టుకుపోయిన అవయవములు, పక్షవాతము అన్నింటికిని ఈ స్నానము మందని వానిలో చెప్పబడెను. కుదిరినవారు విడిచిపోయిన చంకకర్రలను స్నానశాల ముందరి గదిలో వ్రేలాడదీసి యుంచిరి. నాల్గవ జార్జి రాజు తన బ్రైటన్ సౌధమున ఇట్టి స్నానగృహమునే అమర్పించుకొనెను. ఆయనకును, తరువాత నాల్గవ విలియం రాజునకును దీన్ మహమ్మద్ ‘షాంపూ చేయు సర్జన్’ అను బిరుదు వహించెను.

ఇచట ఒక మాట దాచరాదు. ఆతడు సర్జనుగా విద్య నేర్చినవాడు కాడు. వైద్యమును అభ్యసించితినని తరువాతి పుస్తకములో చెప్పుకొనెను. అనుభవము పెద్దదిగా కనుపించుటకై 1749లో పుట్టితినని వయస్సునకు పదేండ్లు కలిపెను. 1851లో చనిపోయినపుడు ఆతని సమాధి ఫలకముపై నూటయొక్క యేండ్లని చెక్కిరి. సర్జన్ బిరుదు లేనిదే పెద్దమనుష్యులు నమ్మని దేశములో, పరాయివాడు బ్రతుకుటకై చేసిన పని అది. ఆతని చేతిలోని నేర్పు మాత్రము అబద్ధము కాదు. అది లేనిదే ఇన్నేండ్లపాటు జనము వచ్చియుండరు.

అయినను గోడమీది చంకకర్రలను చూచినపుడు మన మొక ప్రశ్న వేసికొనవలెను. బాగుపడి కర్రలను విడిచిపోయినవారి లెక్క అచట కనుపించును. కర్రలతో వచ్చి కర్రలతోనే తిరిగిపోయినవారి లెక్క ఏది? వారి గుర్తు గోడమీద లేదు. అంతేకాక, నడుమునొప్పియు కీళ్ళనొప్పియు పెరుగుచు తరుగుచు నుండును. నొప్పి మిక్కుటమైనపుడే మనుష్యుడు వైద్యుని వెదకికొని వచ్చును. మిక్కుటమైన నొప్పి ఏమియు చేయకున్నను కొంత తగ్గుట కలదు. తగ్గినపుడు ఆ యశము చివరి వైద్యమునకు దక్కును. ఉత్తరములు వ్రాసినవారు అబద్ధమాడిరని మా అభిప్రాయము కాదు. ఉత్తరములు ఎన్ని పోగైనను ఈ సందేహము తీరదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇక మనుమని సంగతి. ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ 1849లో బ్రైటన్‌లో జన్మించెను. తాత చనిపోవునప్పటికి ఈతడు పసిబాలుడు. లండనులోని గైస్ ఆసుపత్రిలో వైద్యము చదివి, అచటనే వైద్యుడయ్యెను. నాడిని కాగితముపై గీతగా వ్రాయు యంత్రమును ఈతడు మెరుగుపరచెను. మూత్రపిండములు చెడక ముందే కొందరియందు రక్తపుపోటు అధికముగా నుండునని మొట్టమొదట చూపినవారిలో ఈతడొకడు. తాత చేతివ్రేళ్ళతో తెలిసికొనినదానిని మనుమడు గీతలతో కొలువజూచెను.

మన కథకు ముఖ్యమైనది ఈతని మరియొక ప్రయత్నము. ఒక వైద్యుడు చూచు రోగులు కొందరే. వేలమంది వైద్యులు తమ రోగుల సంగతులను ఒకే ప్రశ్నాపత్రముపై నింపి పంపినచో వ్యాధుల నిజస్వరూపము తెలియునని ఈతడు తలచెను. బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ 1880 తరువాతి యేండ్లలో ఈ సామూహిక పరిశోధనను చేపట్టెను. విచారింపబడిన వ్యాధులలో కీళ్ళవాతపు జ్వరమును ఒకటి. బాగుపడినవారి కర్రలను తాత వ్రేలాడదీసెను. బాగుపడినవారిని, పడనివారిని కూడ ఒకే పట్టికలో వ్రాయవలెనని మనుమడు కోరెను. ఆ పని పూర్తిగా చూడకయే 1884లో, ముప్పదియైదేండ్ల వయస్సున, టైఫాయిడు జ్వరముతో చనిపోయెను.

మనుమడు కోరిన లెక్క ఎంత అవసరమో తెలిసికొనుటకు విశ్రాంతి చరిత్ర చాలును. ఆ గైస్ ఆసుపత్రిలోనే సర్జనైన జాన్ హిల్టన్ 1863లో ప్రచురించిన ఉపన్యాసములలో విశ్రాంతిని మహాచికిత్సగా కొనియాడెను. విరిగిన ఎముక విషయమున అది సత్యమే. కాని నడుము పట్టినవారిని కూడ వారములకొలది మంచమున పరుండబెట్టుట శతాబ్దమునకు పైగా ఆచారమయ్యెను. అది సరియేనా యని ఎవరును లెక్కించలేదు. 1986లో అమెరికాలో 203 మంది రోగులను చీట్లు తీసినట్లుగా రెండు భాగములు చేసి, కొందరికి రెండుదినములును, కొందరికి ఏడుదినములును పడక విధించిరి. ఎక్కువ పరుండినవారికి ఎక్కువ లాభము కలుగలేదు. తక్కువ పరుండినవారు పనికి పోలేని దినములు 45 శాతము తగ్గినవి. 1995లో ఫిన్లండులోని హెల్సింకి నగరోద్యోగులపై జరిగిన పరీక్షలో, ఓర్చుకొనగలిగినంతవరకు తమ నిత్యకృత్యములు తాము చేసికొనినవారే త్వరగా కోలుకొనిరి.

మర్దనమునకును ఇట్టి పరీక్ష జరిగినది. 2011లో ప్రకటితమైన అమెరికా పరిశోధనలో, దీర్ఘకాలపు నడుమునొప్పి గల 401 మందిని మూడు భాగములు చేసిరి. కొందరికి కండరముల నిర్మాణము నెరిగి చేయు శాస్త్రీయ మర్దనము, కొందరికి హాయికై చేయు సామాన్య మర్దనము, తక్కినవారికి వాడుక వైద్యము జరిగెను. పదివారములకు మర్దనము పొందిన ఇరుపక్షములవారును మూడవవారికన్న మెరుగుగా నుండిరి. వింత ఏమనగా, శాస్త్రీయ మర్దనమునకును సామాన్య మర్దనమునకును చెప్పుకోదగిన భేదము కనుపించలేదు. ఏడాది గడచుసరికి ఆ మేలు చాలవరకు తరిగిపోయెను.

రుద్దినచోట నొప్పి తగ్గుట ఎట్లు? 1965లో మెల్జాక్, వాల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక సిద్ధాంతము చెప్పిరి. వెన్నుపాములో నొప్పి వార్తకు తలుపువంటి దొకటి కలదు; స్పర్శను తెచ్చు నరములు మేల్కొనినపుడు ఆ తలుపు కొంత మూసికొనును. దెబ్బతగిలిన మోచేతిని మన చేయి తనంతట తానే రుద్దుటకు ఇదియొక కారణము. తరువాత ఆ సిద్ధాంతము కొన్ని మార్పులు పొందినను మూలభావము నిలిచియున్నది.

ఈ లెక్కలన్నింటి ఫలముగా, క్రొత్తగా పట్టిన నడుమునొప్పికి మందులకన్న ముందు కాపడము, మర్దనము వంటివాని నెంచుకొనవచ్చునని అమెరికాలోని వైద్యుల సంఘమొకటి 2017లో సలహా యిచ్చెను. దీర్ఘకాలపు నడుమునొప్పికి వ్యాయామము, మర్దనము మున్నగువానిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించెను. మర్దనమునకు సాక్ష్యము బలహీనమేయని కూడ ఒప్పుకొనెను. నడుమును సాగదీయు ట్రాక్షన్, నడుము పట్టీలు మున్నగువానిని సామాన్యముగా వాడవలదనెను. లెక్క కొన్నింటిని నిలిపినది, కొన్నింటిని తొలగించినది.

కావున ఉప్పుమూటను పారవేయనక్కరలేదు. దానిని సర్వరోగ నివారిణి యనుటయు తగదు. అది నొప్పిని తగ్గించి మనలను లేపి నడిపించును; ఆ నడకయే పెద్ద మందు. కొన్ని జాగ్రత్తలు మాత్రము మరువరాదు. నొప్పితో జ్వరము వచ్చినను, కీలు వాచి ఎఱ్ఱబడినను, పడిన పిమ్మట నొప్పి పుట్టినను, కాళ్ళు తిమ్మిరెక్కి బలము తగ్గినను, మలమూత్రములపై అదుపు తప్పినను వెంటనే డాక్టరును చూడవలెను. ఒక పిక్క మాత్రమే వాచి నొచ్చుచున్నచో దానిని పిసుకరాదు. లోపల రక్తము గడ్డకట్టియుండవచ్చును. మధుమేహముచే పాదములు మొద్దుబారినవారికి వేడి తెలియక చర్మము కాలును; కాపడము పెట్టువారు ముందు తమ చేతిపై చూచుకొనవలెను.

ఈ రాత్రి తాత కాళ్ళు పిసుకుచున్న మనుమడు మీ యింట ఉన్నచో, ఈ ఇరువురి కథ వానికి చెప్పుడు. తాతను మాత్రము రేపు ఉదయము నాలుగడుగులు నడువుమనుడు.