పత్తి చేను - మందు మారితే చాలునా?

ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలవారికి పత్తి గురించి వేరే చెప్పనక్కరలేదు. మనలో చాలామంది చదువుల ఫీజులు కట్టింది ఆ పంటే. ఆ పంటపై కొట్టిన మందుల చరిత్ర కూడా మనం తెలుసుకోదగినది.

1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. ఆ తర్వాతనే 1968లో క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. డబ్బాలపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఆ చట్టం కింద వచ్చినవే. వీటిలో ఎరుపు అతి ప్రమాదకరం.

డి.డి.టి. వంటి మందులు నేలలో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయి. వాటికి బదులు త్వరగా విరిగిపోయే మోనోక్రోటోఫాస్ వంటివి వచ్చాయి. నేలకు కొంత మేలే. కాని ఇది ఎర్ర త్రికోణపు మందు; కొట్టే మనిషి చర్మం గుండా ఎక్కి నరాలను దెబ్బతీస్తుంది. 1980లలో పైరెత్రాయిడ్లు వచ్చాయి. అవి మిత్రపురుగులనూ చంపాయి. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తెల్లదోమ ముంచింది. పదేళ్ళకు, 1997-98లో, ఆ కష్టం మన ప్రాంతానికి వచ్చింది. లద్దెపురుగు, పచ్చపురుగు ఏ మందుకూ లొంగలేదు. వరంగల్‌తోపాటు మన జిల్లాలలోనూ అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి కాయతొలుచు పురుగుల మందును తగ్గించింది. అయితే రసం పీల్చే పురుగులు పెరిగాయి. గులాబీ రంగు పురుగు బి.టి.నీ తట్టుకుంది.

ఇక నిషేధాలు: బి.హెచ్.సి. 1997లో, సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఎండోసల్ఫాన్ 2011లో ఆగాయి. ఒక డబ్బా పోతే దుకాణంలో మరో డబ్బా వచ్చింది. ఉద్దెరకు మందిచ్చే దుకాణదారే రైతుకు సలహాదారు కావడం దీనికి ముఖ్య కారణం.

మేలైన మార్గం లేకపోలేదు. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల, అప్పటి వరంగల్ జిల్లా ఏనబావి గ్రామాలు రసాయన మందులు మానేసి పంట తీశాయి. లింగాకర్షక బుట్టలు, చుట్టూ ఆముదం, బంతి, వేపగింజల కషాయం వారి సాధనాలు. అయిదు కిలోల గింజల పొడిని రాత్రంతా నానబెట్టి, వడగట్టి, వంద లీటర్ల నీటికి కలపాలి. గుడ్లు, పిల్లపురుగుల దశలోనే చల్లాలి. ముదిరిన పురుగుకు పనిచేయదు. అంటే రోజూ చేను చూడాలి, చెప్పేవారు దగ్గరుండాలి. డబ్బా మార్చడం సులువు, పద్ధతి మార్చడం కష్టం. చట్టం మొదటిదే చేయగలదు.

రెండవదానికి మనుషులు కావాలి. వ్యవసాయ శాఖలోను, బడులలోను పనిచేసి వచ్చిన మనకు ఊళ్ళో మాట చెల్లుతుంది. తొలకరికి వేపపండ్లు రాలుతాయి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు గింజలు ఏరించి దాచమని చెబుదాం.