జార్జ్ వాషింగ్టన్ కట్టుడు పళ్ళు: ఒక పద్దు చెప్పే చరిత్ర

1789లో అమెరికా తొలి అధ్యక్షుడిగా ప్రమాణం చేసే నాటికి జార్జ్ వాషింగ్టన్ నోటిలో మిగిలింది ఒక్కటే సొంత పన్ను. ఆయన చెక్క పళ్ళు పెట్టుకునేవాడన్న మాట బాగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఆ కాలంలో దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ ఆయనకు చేసిన కట్టుడు పళ్ళకు ఆధారం నీటిగుర్రం దంతం. దాన్ని చెక్కి, అందులో మనుషుల పళ్ళు బిగించారు. మిగిలిన ఆ ఒక్క పన్ను పట్టేలా రంధ్రం కూడా ఉంచారు.

ఆ మనుషుల పళ్ళు ఎక్కడివి? ఇక్కడ మనం చూడవలసింది ఆయన మౌంట్ వెర్నన్ ఎస్టేట్ లెక్కల పుస్తకం. 1784 మే నెల పద్దు ప్రకారం, ఒక దంతవైద్యుని నిమిత్తం 9 పళ్ళకు నల్లజాతివారికి 6 పౌండ్ల 2 షిల్లింగులు చెల్లించారు. అప్పటి పత్రికా ప్రకటనల్లోని ధరలో ఇది మూడో వంతు కూడా కాదు. ఈ తొమ్మిదీ వాషింగ్టన్ నోటికే చేరాయని పద్దు చెప్పదు. అయితే డబ్బు ముట్టింది కనుక ఇష్టపడే అమ్మారని అనుకోవడం తొందరపాటు. చట్టం దృష్టిలో తమ శరీరమే యజమాని ఆస్తి అయిన బానిసలు కాదనగలరా? అమ్మినవారి పేర్లు కూడా ఆ పద్దులో లేవు.

యూరప్‌లోనూ ఈ బేరం సాగింది. 1815లో వాటర్లూ యుద్ధంలో చనిపోయిన సైనికుల పళ్ళు ఊడబెరికి అమ్మారు. 19వ శతాబ్దంలో పింగాణీ పళ్ళు వాడుకలోకి వచ్చాక గాని ఈ గిరాకీ తగ్గలేదు.