కంతు కట్టని నెలల వెనక ఏముంది? మన సంఘాలు, గృహ హింస చట్టం: ఒక చరిత్ర



ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని రాసుకుంటాం. అవి రాయాల్సిందే. ఈసారి ఇంకో లెక్క కూడా రాద్దామని మొదలుపెట్టాను. అది ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం వచ్చిన చట్టాల చరిత్ర. మన సంఘాల చరిత్ర కూడా అందులోనే ఉంది.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా సంఘంలో ఒక చెల్లెలు ఉంది. పేరు రాయను. రొయ్యల షెడ్డులో పనికి వెళ్లేది. వరసగా మూడు నెలలు కంతు కట్టలేదు. నాలుగో నెల మీటింగుకే రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లి గుమ్మంలో నిలబడి, "ఏమ్మా, నీ ఒక్కదాని వల్ల సంఘం గ్రేడు పోతుంది, తెలుసా?" అన్నాను. ఆమె తలుపు చాటు నుంచే "వచ్చే నెల కట్టేస్తానొదినా" అంది. మొహం బయట పెట్టలేదు. నేను పుస్తకంలో బాకీ రాసుకుని వచ్చేశాను.

రెండు వారాల తర్వాత ఒక రాత్రి బిడ్డనెత్తుకుని మా ఇంటికే వచ్చింది. అప్పుడు చూశాను ఆ మొహం. అప్పు డబ్బు చేతికొచ్చిన రోజే భర్త లాగేసుకున్నాడంట. కంతుకని దాచిన కూలి డబ్బులు ఇవ్వనన్నందుకు కొట్టాడంట.

తెల్లారి ఆమెను తీసుకుని తిరిగాం. ఒకచోట "ముందు దెబ్బలకు డాక్టరు చీటీ తెండి" అన్నారు. చీటీ ఇచ్చేచోట "కేసు పెట్టారా?" అని అడిగారు. మూడోచోట "మొగుడూ పెళ్లాల గొడవ, పెద్దమనుషుల్లో పెట్టుకోండి" అన్నారు. సాయంత్రానికి ఆమె "నేనింటికి పోతానొదినా, ఇంక నన్నొదిలెయ్యండి" అంది. వెళ్లిపోయింది. అప్పటికి చట్టం లేక కాదు. ఏ పని ఎవరిదో మాకు తెలియదు. మేం కలిసినవాళ్లకూ తెలిసినట్టు లేదు.

ఆ తర్వాతే నేను ఈ చరిత్ర తెలుసుకోవడం మొదలుపెట్టాను.

సారా మీద పోరు, రోజుకో రూపాయి

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రి బడులు నడిచాయి. పగలంతా పనిచేసిన ఆడవాళ్లు రాత్రి అక్షరాలు దిద్దుకున్నారు. ఆ బడుల్లో పాఠాలు వాళ్ల బతుకు గురించే ఉండేవి. తాగుడు, తాగొచ్చి కొట్టడం, కూలి డబ్బులు సారా కొట్టుకు పోవడం గురించి అక్కడ మాట్లాడుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ ఉద్యమం ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

నిషేధం పోయినా ఒకటి మిగిలింది. సారా కొట్టుకు పోకుండా ఆగిన డబ్బును రోజుకో రూపాయి చొప్పున దాచుకోవడం నెల్లూరులో మొదలైంది. దాన్నే పొదుపు లక్ష్మి అన్నారు. డ్వాక్రా పథకం అంతకు ముందే, 1982లో వచ్చినా, మన రాష్ట్రంలో సంఘాలు ఇంతగా పెరిగింది ఆ ఉద్యమం తర్వాతే. 2000లో వెలుగు వచ్చింది, తర్వాత ఇందిర క్రాంతి పథం అయింది. గ్రామైక్య సంఘాలు, మండల సమాఖ్యలు అప్పుడు ఏర్పడ్డవే.

అంటే అక్కా, మన పొదుపు వెనక ఇంట్లో కొట్టే చెయ్యిని ఆపాలన్న పోరాటం ఉంది. తర్వాత తర్వాత మనం లింకేజీ, కంతు, గ్రేడు మాత్రమే చూస్తూ వచ్చాం. ఆ గుమ్మంలో నేను చేసిన తప్పు అదే.

ముక్కలు ముక్కలుగా వచ్చిన చట్టాలు

మన ఆంధ్రప్రదేశ్‌లో వరకట్న నిషేధ చట్టం 1958లోనే చేశారు. దేశమంతటికీ 1961లో వచ్చింది. కట్నం ఆగలేదు. కొత్త కోడళ్లు కాలి చనిపోతుంటే ఆడవాళ్లు రోడ్డెక్కారు. 1983లో శిక్షాస్మృతిలో 498ఏ చేర్చారు. భర్తగానీ అతని బంధువులుగానీ క్రూరంగా హింసిస్తే మూడేళ్ల వరకూ జైలు. 1986లో వరకట్న మరణం సెక్షన్ వచ్చింది. 2024 జులై 1 నుంచి కొత్త న్యాయ సంహిత అమల్లో ఉంది కాబట్టి 498ఏ ఇప్పుడు 85వ సెక్షన్ అయింది.

ఇవన్నీ తప్పు చేసినవాణ్ణి శిక్షించే చట్టాలు. ఆ రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి, పిల్లలకు అన్నం ఎవరు పెట్టాలి అన్నదానికి వాటిలో జవాబు లేదు. అందుకే చాలామంది ఆడవాళ్లు "ఆయన జైలుకెళ్తే ఇల్లెట్లా గడుస్తుంది?" అని ఫిర్యాదే ఇవ్వరు.

దీనికోసం వేరే చట్టం కావాలని మహిళా సంఘాలు ఏళ్ల తరబడి అడిగాయి. 2002లో పార్లమెంటులో ఒక బిల్లు పెట్టారు. అందులో 'అలవాటుగా' కొడితేనే హింస అని రాశారు. తన ఆస్తిని కాపాడుకోవడానికి చేసింది హింస కాదని కూడా రాశారు. అంటే నెలకోసారి కొడితే అలవాటా కాదా అని ఆడదే రుజువు చేసుకోవాలి! మహిళా సంఘాలు ఒప్పుకోలేదు. అది ఆగింది. చివరికి 2005లో ఇప్పుడున్న గృహ హింస చట్టం వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది.

ఇందులో కొట్టడం ఒక్కటే హింస కాదు. తిట్టి అవమానించడం, ఇష్టం లేకుండా శరీరాన్ని బాధపెట్టడం, సంపాదన లాక్కోవడం, ఇంటి ఖర్చుకు ఇవ్వకపోవడం, స్త్రీధనం అమ్మేయడం కూడా హింసే. మా చెల్లెలి అప్పు డబ్బు లాక్కోవడం ఆర్థిక హింస అని నాకు అప్పటిదాకా తెలియదు. భార్యకే కాదు, తల్లికి, అక్కచెల్లెళ్లకు, అదే ఇంట్లో ఉన్న వితంతు కోడలికి కూడా ఈ చట్టం వర్తిస్తుంది. కోర్టు రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లల్ని తల్లి దగ్గర ఉంచడం అన్నీ ఒకే దరఖాస్తు మీద ఇవ్వొచ్చు. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో వేయాలి, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. రక్షణ ఉత్తర్వును మీరితే ఏడాది వరకూ జైలు, లేదా 20,000 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ.

"ఈ ఇల్లు మా నాన్నది, నీకు హక్కు లేదు, పో" అనే మాట మనం ఎన్నో గొడవల్లో విన్నాం. 2006 చివర్లో సుప్రీంకోర్టు కూడా అత్తమామల పేరున ఉన్న ఇంట్లో కోడలు హక్కు అడగలేదని చెప్పింది. 2020 అక్టోబరులో అదే కోర్టు ఆ మాట సరికాదంది. కాపురం చేసిన ఇల్లు ఎవరి పేరున ఉన్నా, ఆమె అక్కడ ఉంటానని కోర్టును అడగొచ్చు. ఇది ప్రతి సంఘంలో చదివి వినిపించాల్సిన సంగతి.

11వ సెక్షన్

శిక్షణలో మేడం గారు ఈ సెక్షన్ చదివినప్పుడు నేను మళ్లీ చదవమన్నాను. చట్టం గురించి జనానికి ప్రచారం చేయాలి, పోలీసులకూ న్యాయాధికారులకూ ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలి, న్యాయం, హోం, ఆరోగ్య శాఖలు కలిసి పనిచేసేట్టు చూడాలి అని అందులో ఉంది. ఇది ప్రభుత్వం బాధ్యత అని చట్టంలోనే రాశారు.

ఆ రోజు మేం తిరిగిన మూడు చోట్లా ఏం జరగాల్సింది? ఫిర్యాదు నివేదిక లేదని వైద్యం నిరాకరించకూడదు. పోలీసులు ఆమెకున్న హక్కులు, రక్షణ అధికారి సంగతి, ఉచిత న్యాయ సహాయం గురించి చెప్పాలి. రక్షణ అధికారి నివేదిక రాసి మేజిస్ట్రేటుకు పంపాలి. ఒక్కరు తమ పని చేసినా మిగతా ఇద్దరి దగ్గరికి దారి తెలిసేది.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఈ చట్టం అమలు మీద రాష్ట్రాలన్నిటికీ ఆదేశాలిచ్చింది. జిల్లా, తాలూకా స్థాయిలో రక్షణ అధికారుల్ని నియమించాలని, 11వ సెక్షన్ ప్రకారం ప్రచారం చేయాలని చెప్పింది. చట్టం అమల్లోకి వచ్చి పద్దెనిమిదేళ్లు దాటాక కూడా ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

మన వంతు

మనమూ తప్పులు చేశాం. ఇందిర క్రాంతి పథం రోజుల్లో సమాఖ్యల్లో సామాజిక కార్యాచరణ కమిటీలు, కుటుంబ సలహా కేంద్రాలు పెట్టారు. మంచి పని. అయితే కొల్లేటి ఒడ్డు ఊళ్లలో గానీ, రోడ్డు మీది ఊళ్లలో గానీ, మనం కూర్చున్నా పెద్దమనుషులు కూర్చున్నా చివరికి "సర్దుకుపోమ్మా" అనే అన్నాం. చట్టం కింద జరిగే కౌన్సెలింగులో "ఆమె అలా అంది కాబట్టి కొట్టాను" అనే సాకు చెప్పనివ్వకూడదని నిబంధనల్లోనే ఉంది. మనం ముందు ఆ సాకే వినేవాళ్లం.

2022 నవంబరు 25న కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 'నయీ చేతన' పేరుతో సంఘాల ద్వారా హింస మీద ప్రచారం మొదలుపెట్టింది. ఏటా ఆ రోజున ర్యాలీ చేసి ఫొటో దిగితే చాలదు. నేను సమాఖ్య ముందు పెడుతున్న మాటలు ఇవి:

ఒకటి, ఎవరైనా వరసగా రెండు నెలలు కంతు కట్టకపోయినా, మీటింగుకు రాకపోయినా ఇద్దరు వెళ్లి లోపల కూర్చుని మాట్లాడాలి. బాకీ సంగతి తర్వాత.

రెండు, ప్రతి గ్రామైక్య సంఘంలో ఇద్దరికి ఈ చట్టం మీద శిక్షణ ఉండాలి. ఆ శిక్షణలో మన పక్కనే పోలీసులు, ఆశా కార్యకర్తలు, సచివాలయం మహిళా పోలీసు కూడా కూర్చోవాలి. విడివిడిగా నేర్చుకుంటే ఆ రోజు లాగే విడివిడిగా పంపిస్తారు.

మూడు, రక్షణ అధికారి, సఖి కేంద్రం, ఏలూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వివరాలు ప్రతి సంఘం పుస్తకం మొదటి పేజీలో ఉండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లా మారింది, ఆఫీసులు మారాయి. పాత కాగితాలు నమ్ముకోవద్దు. 181 మహిళల సహాయానికి, 15100 ఉచిత న్యాయ సహాయానికి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయ సహాయం ఉచితమే.

నాలుగు, మంచి మనసుతో సమాచారం ఇచ్చినవాళ్ల మీద ఏ కేసూ ఉండదని చట్టం చెప్తోంది. పక్కింట్లో అరుపులు వినిపిస్తే మనకెందుకులే అనుకోవద్దు.

ఆ చెల్లెలు ఏడాది తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి వైద్యం, నివేదిక, దరఖాస్తు వరసగా చేయించాం. కోర్టు ఉత్తర్వుతో అదే ఇంట్లో ఉంటోంది. గొడవలు పూర్తిగా పోయాయని చెప్పను. కొట్టడం ఆగింది. పోయిన నెల మీటింగుకు వచ్చి నా పక్కనే కూర్చుంది. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, "ఈ నెల రానివాళ్ల పేర్లు చదువొదినా, నేనూ నీతో వస్తాను" అంది.