రహీం సాబ్ హిస్సా

మొన్న జుమ్మా నమాజ్ చదివి ఇంటికొచ్చేసరికి మావాడు కంప్యూటర్ ముందు తెగ ఖుషీగా ఉన్నాడు. "అబ్బా, అమ్మేశా!" అన్నాడు. ఏం అమ్మావురా అంటే, పదిహేడేళ్ల పిల్లగాణ్ని అమ్మాడట. నా ముఖం చూసి వాళ్ల అమ్మీ నవ్వింది. ఆటలో లెండి. ఫుట్‌బాల్ మేనేజర్ అని ఒక ఆట ఉంది. మీ ఇళ్లల్లో పిల్లలు కూడా ఆడుతూనే ఉంటారు.

1992లో ఇంగ్లండ్‌లో పాల్, ఆలివర్ కాలియర్ అనే ఇద్దరు అన్నదమ్ములు చాంపియన్‌షిప్ మేనేజర్ అనే పేరుతో తెచ్చిన ఆటకు వారసత్వం ఇది. ఇందులో బంతి తన్నేది మనం కాదు. క్లబ్బును నడిపే జిమ్మేదారీ మనది. ఏడాదికోసారి క్లబ్బు అకాడమీ నుంచి కొత్త పిల్లలు వస్తారు. ఒక్కో గుణానికి 1 నుంచి 20 వరకు మార్కులుంటాయి. ఆ పిల్లవాడు ఎంత ఎత్తుకు ఎదగగలడో చెప్పే ఇంకో అంకె 200 వరకు ఉంటుంది, కానీ అది మనకు కనిపించదు. వాడు అక్కడిదాకా చేరాలంటే మంచి ఉస్తాద్ కావాలి, మంచి మైదానం కావాలి, అసలు మ్యాచ్‌ల్లో దింపాలి, వాడికి మెహనత్ చేసే స్వభావం ఉండాలి. ఇంతా చేశాక ఒకరోజు పెద్ద క్లబ్బు వచ్చి ధర చెబుతుంది. ఉంచుకోవాలా, అమ్మాలా?

మావాడు హోషియార్. అమ్మాడు కానీ ఒక షరతు పెట్టాడు. కొన్నవాళ్లు రేపు ఆ పిల్లవాణ్ని ఇంకెవరికైనా అమ్మితే, వచ్చిన దాంట్లో నూటికి ఇరవై వీడికి రావాలి. "ఆ పైసలతో అకాడమీ బాగు చేస్తా అబ్బా. ఇంకో నలుగురు తయారవుతారు" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు మన హైదరాబాద్ గుర్తొచ్చింది. పిల్లల్ని తయారు చేయడంలో ఈ షహర్‌కు సాటి వచ్చే ఊళ్లు దేశంలో ఎన్నో లేవు. తయారైన వాళ్లను పంపడంలోనూ అంతే. హిస్సా మాత్రం ఎన్నడూ రాలేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం పేరు 'మైదాన్' సినిమా వచ్చాక చాలామందికి తెలిసింది. అంతకుముందు మన బస్తీల్లో ముసలివాళ్లకే తెలుసు. 1909లో పుట్టిన ఆయన పేషా రీత్యా బడిపంతులు. తర్వాత హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. ఆ జట్టు అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు గెలిచింది. దేశం జట్టు ఆయన చేతికింద 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఆ మెల్‌బోర్న్ జట్టులో బలరాం, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికర్ లాంటి మనవాళ్లు ఉన్నారు.

పంతులు గనక ఆయన ఆటను కూడా పాఠంలాగే చెప్పాడు. బంతిని కాలి దగ్గర పెట్టుకుని ఒంటరిగా పరుగెత్తడం నిషేధిస్తూ ఒక టోర్నమెంట్ పెట్టేవాడు. అందరూ పాస్ చేయడం నేర్చుకోవాల్సిందే. బలహీనమైన కాలితోనే తన్నాలని ఇంకో టోర్నమెంట్. దీనికి ఖర్చేమీ కాదు, దిమాగ్ కావాలి. మావాడి ఆటలో మీట నొక్కితే జరిగే తర్బియత్ ఇక్కడ ఒక మనిషి మట్టి మైదానంలో, సబర్‌తో చేశాడు.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లవాడు. నగరంలో ప్రాక్టీసుకు రావడానికి దారి ఖర్చు లేదంటే, సైకిల్ కిరాయికి రహీం సాబ్ తన జేబులోంచి పైసలు ఇచ్చేవాడని చెబుతారు. ఆ పిల్లవాడే ఇరవై ఏళ్లకు మెల్‌బోర్న్ వెళ్లాడు. మరుసటి ఏడాది, 1957లో, కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1961లో ఆ క్లబ్బు కెప్టెన్ అయ్యాడు.

వెళ్లడం తప్పా? నేననను. కలకత్తాలో లక్షల మంది అభిమానులు, పెద్ద మ్యాచ్‌లు, చేతికి నాలుగు పైసలు. పేదింటి పిల్లవాడికి తన మెహనత్‌కు ధర అడిగే హక్ ఉంది. కానీ ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ పేరుకు అమెచ్యూర్ ఆట. ఆటగాడు వెళ్తాడు, తయారు చేసిన చోట ఖాళీ మిగులుతుంది. బదులుగా అక్కడికి ఒక జత బూట్లు కొనే పైసలైనా పంపాలని చెప్పే కాయిదా లేదు.

ప్రపంచంలో ఇలాంటి కాయిదా 2001లో వచ్చింది. ఒక ఆటగాణ్ని దేశం దాటించి కొంటే, ఆ ధరలో నూటికి ఐదు, 12 నుంచి 23 ఏళ్ల మధ్య అతనికి ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలని ఫిఫా రాసింది. హైదరాబాద్ నుంచి కలకత్తాకు పోయేవాళ్లకు అది అప్పుడున్నా వర్తించేది కాదు. కానీ అందులోని మాట సచ్ మాట. పిల్లవాడిలో ఉస్తాద్‌కు హిస్సా ఉంది.

రహీం సాబ్ జకార్తాకు వెళ్లేనాటికే కేన్సర్ మనిషి. 1962 సెప్టెంబర్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన ఫైనల్ ఆయన ఆఖరి పెద్ద మ్యాచ్. 1963 జూన్‌లో ఇంతెకాల్ అయ్యారు.

"రహీం సాబ్‌తోనే మన టాలెంట్ ఖతం" అని పెద్దవాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ గెలిచింది. 1966లో మహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్ ఇద్దరూ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన జట్టుకు నయీం కెప్టెన్, హబీబ్ ప్రాణం. హబీబ్ తమ్ముడు అక్బర్ కూడా అదే కలకత్తా దారి పట్టాడు. 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యూత్ కప్ పంచుకున్న మన జట్టు కెప్టెన్ షబ్బీర్ అలీ, అతనూ హైదరాబాదీయే. నీళ్లు ఉన్నాయి. తోడుకున్నాం. బావిలోకి మళ్లీ నీళ్లు రావడానికి ఎవరూ ఏమీ చేయలేదు. ఒక ఉస్తాద్ జేబు మీద నడిచిన వ్యవస్థ ఆ జేబుతో పాటే మట్టిలోకి పోయింది.

2023లో ఫిబ్రవరిలో బలరాం కలకత్తాలో పోయారు. ఆగస్టు 15న హబీబ్ ఇక్కడ, హైదరాబాద్‌లో పోయారు. మా బస్తీలో ఆ రోజు జెండా పండగ మిఠాయి పంచుతున్న కుర్రాళ్లలో ఒక్కడికి కూడా హబీబ్ ఎవరో తెలియదు.

ఇదంతా మావాడికి చెప్పాను. బుద్ధిగా విన్నాడు. తర్వాత అడిగాడు: "మరి చాచాను ఎవరు తయారు చేశారు అబ్బా?"

నేను నీళ్లు నమిలాను. మా తమ్ముడు ఫుట్‌బాల్ ఆడి, స్పోర్ట్స్ కోటాలో సర్కారీ నౌకరీ తెచ్చుకున్నాడు. మా ఇంటి మీద పక్కా కప్పు ఆ నౌకరీతోనే పడింది. వాడికి ఆట నేర్పింది మా గల్లీ చివర సైకిల్ రిపేర్ చేసే ఒక ఉస్తాద్. ఫీజు అడగలేదు. మొదటి బూట్లు ఆయనే కొనిచ్చాడు. నౌకరీ వచ్చిన రోజు మిఠాయి డబ్బా ఇచ్చి వచ్చాం. మళ్లీ ఆ గల్లీకి మేం పోలేదు. ఆయన చనిపోయిన సంగతి ఏడాది తర్వాత తెలిసింది. జనాజాకు కూడా భుజం ఇవ్వలేకపోయాం.

మేం ఆయనకు ఏమీ ఇవ్వలేదని మావాడికి చెప్పేశాను. వాడు ఏమీ అనలేదు. రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. ఉస్తాద్ కొడుకు ఇప్పుడూ ఆదివారం పొద్దున అదే మైదానంలో పదిహేను మంది పిల్లలతో ఆడిస్తున్నాడట, బంతులు మూడే ఉన్నాయట. వచ్చే ఆదివారం ఇద్దరం పోతున్నాం. మావాడు కూడా వస్తానన్నాడు.

మీ ఇంట్లో కూడా ఎవరో ఒక ఉస్తాద్ హిస్సా బాకీ ఉండే ఉంటుంది. ఆట కానీ, చదువు కానీ, కుట్టుపని కానీ. ఆయన హయాత్‌లో ఉండగానే ఒకసారి ఆ గల్లీకి పోయి రండి.